వంటిల్లు అప్పగించి వెళ్ళిన మనిషి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది గురించి ఎవరు రాసినా విమానాల గురించే రాస్తారు. అమ్మాన్ నుంచి మనవాళ్ళు విమానాల్లో వచ్చారట! సరే, విమానం ఎక్కేదాకా వాళ్ళకు అన్నం ఎవరు పెట్టారయ్యా? ఆ మాట ఒక్కరూ అడగరు. కళ్ళారా చూసినవాణ్ణి, నేనే రాస్తున్నాను.

ఉంటున్న గదులు పోయి, యజమానులు పారిపోయి, నిలువ నీడ లేని వాళ్ళం రెండు వందల మందిమి ఒక మూతబడిన బడిలో తలదాచుకున్నాం. సబ్హాన్ పారిశ్రామికవాడలో నేను పనిచేసిన గోదాము నుంచి బియ్యం, పప్పు మోసుకొచ్చాం. వంట మాత్రం రాయచోటి నుంచి వచ్చిన ఒకామె చేతిలోకి తీసుకుంది. జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసేది. వేసవికి దేశం దాటి వెళ్ళిన ఆ ఇంటివాళ్ళ బీరువాలోనే ఆమె పాస్‌పోర్టు ఉండిపోయింది. తొమ్మిదేళ్ళు ‘యల్లా, యల్లా’ అని తొందరపెట్టించుకున్న మనిషి, బడికి వచ్చిన మూడో రోజుకల్లా ఇంజనీర్ల చేత ఉల్లిపాయలు తరిగించింది.

ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. అమ్మాన్ వైపు వెళ్ళే బస్సు జాబితాలో పేరు వచ్చినవాళ్ళు తమ పని ఇంకొకరికి నేర్పాకే సంచి సర్దుకోవాలి. పీపాల్లో నీళ్ళు నింపేవాడైనా సరే, మరుగుదొడ్లు కడిగేవాడైనా సరే. అందుకే మనుషులు వెళ్ళిపోతున్నా మా బడి కుంటుపడలేదు.

చివరికి పాస్‌పోర్టుకు బదులు కాగితం వచ్చి, ఆమె పేరే జాబితాకెక్కింది. మర్నాడు పొద్దున బస్సు. మళ్ళీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. వంట అందుకోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. రోజూ రెండోసారి వడ్డించుకున్న మేనేజర్లు గోడల వంక చూశారు. నాకు ఒళ్ళు మండింది.

“నేను జేస్త. నువ్వు సంచి సదురుకో చెల్లె,” అన్నాను.

“నేర్పిస్తా, రా అన్నా.”

“నాకు ఒకలు నేర్పేదేంది? బడి మొఖం జూడకుండ సదువు నేర్సుకున్నోన్ని!”

ఆ మధ్యాహ్నం అన్నం నేనే వండాను. అడుగున మాడింది, పైన పలుకు. గోదావరి ఇంజనీరు కంచం పైకెత్తి చూపించాడు.

“ఇది అన్నమాండీ, సబ్హాన్ సిమెంటాండీ?”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“నీ సదువులో రాసింది తప్పయితే కొట్టేసుకోవచ్చు అన్నా. రెండునూర్ల మంది కూడు మాడితే యాడ కొట్టేస్తావు?” అని, సర్దుకున్న సంచిని తీసి మళ్ళీ గ్యాసు సిలిండరు వెనక పెట్టింది. “నేను ఇంగో బస్సుకు పోతాలే.”

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. మామూలుగా అనేసి గిన్నె తోమడానికి కూర్చుంది. సంచిలోని ఆ కాగితం కోసం ఆమె ఎన్ని వారాలు ఎదురుచూసిందో నాకు తెలుసు.

పక్కనే చతికిలబడ్డాను. “చెప్పు చెల్లె. మొదట్నుంచి జెప్పు.”

చెప్పింది. బియ్యం ఎంతసేపు నానాలో, ఎసరు వేలి మీద ఎంత ఉండాలో. నీళ్ళు ఇంకి అన్నం మీద చిల్లులు కనబడగానే మంట ఆర్పేయాలి, మూత మీద తడి గోనెపట్టా కప్పాలి. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. గ్యాసు దొరకని రోజుల్లో రెండు వందల మంది ఆకలి ఆ గోనెపట్టా కిందే తీరిందని నాకు అప్పుడు తెలిసింది. ఏ పుస్తకంలోనూ నేను చదవని సంగతి.

పొద్దున నేను ఎసరు పెట్టి, బియ్యం పోసి ఆమెను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. దేవుడి పేరు తలుచుకుంటుందనుకున్నాను. బస్సు కదులుతుండగా తల బయట పెట్టి అరిచింది.

“అన్నా! మంట ఆర్పితివా?”

పరుగెత్తాను. బస్సు మలుపు తిరగడం నేను చూడనేలేదు. అన్నం మీద చిల్లులు అప్పుడే పడుతున్నాయి.