లెక్కల సారు ఒప్పుకోలు

నేరం చేసినవాడితో సర్కారు లాయరు బేరానికి కూర్చుంటే అమ్ముడుపోయిందనే అంటారు. నన్నూ అన్నారు, కోర్టు వరండాలో, టీ గ్లాసులు పట్టుకున్న జనమంతా వింటుండగా. అన్నది లక్కూరు దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచుకునే ఒక తల్లి. ఆమె కొడుకు పదో తరగతిలో ఉండగా లెక్కల సారు చెంప మీద కొట్టిన దెబ్బకు ఎడమ చెవి వినికిడి పోయింది. ఆ కేసులో సర్కారు తరఫున నిలబడాల్సింది నేను.

"నువ్వు కూడా వాళ్ల పక్కకి పోయినావు కదమ్మా? ఎంతకి అమ్ముడుపోయినావు?" అంది.

"నువ్వెంత ఇస్తావో చెప్పు, నీకే అమ్ముడుపోతాను" అన్నాను.

నలుగురు నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, నోరు ఊరుకోక అన్నాను. కోలారు జిల్లా కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల లైను ఇళ్లలో పుట్టి పెరిగినదాన్ని. ఇద్దరి ఇళ్లకూ ఒకటే గోడ ఉండే చోట మాటకు మాట అప్పజెప్పడం నడక కంటే ముందే వస్తుంది. లా చదివాక ఆ గుణానికి జీతం కూడా రావడం మొదలైంది. రోజూ పొద్దున్నే రైలెక్కి మాలూరు వైపు కోర్టుకు వచ్చి వాదించుకుని సాయంత్రం ఇల్లు చేరేదాన్ని.

కేసు చెప్పడానికి తేలిక. ఆ రోజు సారు బోర్డు మీద లెక్క చేస్తూ ఒక చోట గుర్తు తప్పు వేశారు. కుర్రవాడు లేచి "మైనస్ పడాల కదా సార్" అన్నాడు. క్లాసు నవ్వింది. సారు వాణ్ణి ముందుకు పిలిచి కొట్టారు. ఒకటే దెబ్బ. మనిషికి ఒక చెవి శాశ్వతంగా వినిపించకుండా చేస్తే చట్టం దాన్ని తీవ్రమైన గాయం అంటుంది, ఏడేళ్ల దాకా జైలు వేయవచ్చు.

నిరూపించడమే కష్టం. పక్క గదుల్లో పాఠం చెబుతున్న ఇద్దరు టీచర్లూ తమకేమీ వినబడలేదన్నారు. డాక్టరు కర్ణభేరి చిరిగిందని రాశారు గానీ, ఎందుకు చిరిగిందో దేవుడే చెప్పాలన్నట్టు రాశారు. కుర్రవాడికి చిన్నప్పుడు ఆ చెవిలో చీము కారేదని తల్లే నాతో దాచకుండా చెప్పింది. ఆ సంగతి పల్లెలో అందరికీ తెలుసు కనుక సారు లాయరుకూ తెలుసు. ఇక మిగిలింది క్లాసు పిల్లలు. ఎన్ని వాయిదాలు వేసినా వాళ్లు రాలేదు.

ఇలాంటప్పుడు సారు తరఫు నుంచి అర్జీ వచ్చింది. నేరం ఒప్పుకుంటాను, శిక్ష తగ్గించండి అని. బడి ఆయన్ని పక్కన పెట్టి చాలా కాలమైంది. విచారణ సాగితే జైలు తప్పదేమోనని ఆయనకు భయం. మా కేసు ఎంత బోలుగా ఉందో ఆయనకు సగమే తెలుసు, ఆయన ఎంత బెదిరి ఉన్నారో నాకు సగమే తెలుసు. ఇలాంటి బేరం కుదిరేది ఆ మసకలోనే. ఇద్దరిలో ఎవరికి పూర్తిగా తెలిసినా అక్కడితో సరి.

దీన్ని అందరూ రాజీ అనుకుంటారు, ఆ తల్లీ అలాగే అనుకుంది. అది వేరు, ఇది వేరు. రాజీ అంటే దెబ్బ తిన్నవాడు పోనీలే అంటాడు, కొట్టినవాడు నిర్దోషిగా బయటికి వస్తాడు. కోర్టు లెక్కలో ఆ దెబ్బ పడనట్టే. బడి యాజమాన్యం మనుషులు ఆమె ఇంటి చుట్టూ తిరిగింది ఆ రాజీ కోసమే. జూన్‌లో బడి తెరిచేసరికి సారు మళ్లీ చాక్‌పీసు పట్టుకోవాలని వాళ్ల ఆలోచన. నేను ఒప్పుకున్న దారిలో ఆయన కొట్టానని ఒప్పుకోవాలి, దోషి అని తీర్పు రావాలి, బడి ఉద్యోగం మానుకోవాలి. ఆడవాళ్ల మీద, పద్నాలుగేళ్ల లోపు పిల్లల మీద జరిగిన నేరాలకు చట్టం ఈ దారి ఇవ్వదు, మంచిపనే చేసింది. ఈ కుర్రవాడికి అప్పటికే పదిహేను నిండాయి. ఆ ఒక్క కారణంతో ఈ తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు మూసుకుంటే సారు మళ్లీ క్లాసులో ఉంటారు. నా భయమంతా అదే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరం కూర్చుని షరతులు రాసుకోవాలి. తల్లి ఒప్పుకోకపోతే బేరం లేదు. ఆమె ఒప్పుకోవడానికి రాలేదు.

"సాక్షులు యాడుండారు అంటివి కదా. ఇదో, తెచ్చినాను. చూసుకో."

వరండా బెంచీ మీద అప్పటి క్లాసులోని ముగ్గురు కుర్రవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకడు ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చేశాడు. వాళ్ల పక్కన ఆమె కొడుకు.

"షిఫ్టు పోగొట్టుకుని వచ్చినారు నా మాట మీద. పురుగులు నాలుగో జ్వరం లేచి, పొర ఇడిచి, ఆకు ఆకు అంటా ఉండాయి, నేనూ ఇడిచిపెట్టి వచ్చినాను. ఇంగ బేరం లేదు ఏమీ లేదు. కేసు నడుపు. వాణ్ణి జైల్లో ఎయ్యాల."

"ఏమప్పా, జడ్జి ముందర చెప్తారా?" అని ఆ ముగ్గురినీ అడిగాను.

"చెప్తాము మేడం. మా కండ్ల ముందరే కొట్టినాడు" అన్నాడు ఫ్యాక్టరీ కుర్రవాడు. గొంతు గట్టిగానే ఉంది. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. అర్జీ చించేసి విచారణకే పోదామా అనిపించింది.

అప్పుడే సారు మెట్లెక్కి వరండాలోకి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. వెనక ఆయన లాయరు.

ముగ్గురూ లేచి నిలబడ్డారు.

ఎవరూ లేవమనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒకడి నోట్లోంచి "నమస్తే సార్" అని కూడా వచ్చేసింది. సారు అలవాటుగా అరచేయి కిందికి ఊపారు. ముగ్గురూ కూర్చున్నారు.

అంతే జరిగింది. జనం ఎవరూ గమనించలేదు. తల్లి చూసింది. నేను చూశాను. సారు ముఖం చూస్తే ఆయనకూ అర్థమైందని తెలిసింది. ఆయన లాయరు నా దగ్గరికి వచ్చేసరికి ఆ మసక పూర్తిగా విడిపోయింది.

"మేడం, ఎందుకండీ ఈ ఒప్పుకోలు గొడవ? అర్జీ వాపసు తీసుకుంటాం. రాజీకి రండి, ఆ అబ్బాయికి వైద్యం మా వాళ్లే చేయిస్తారు. లేదంటారా, మీ సాక్షుల్ని పిలవండి. చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నప్పుడు పెదవి కొద్దిగా వంకర పోయింది.

కేసు చేజారిందనే అనుకున్నాను. పైకి మాత్రం, "మూడో వాణ్ణి దాటి చూడలేదా మీరు?" అన్నాను.

"ఏమిటి?"

"బెంచీ మీద నలుగురున్నారు. లేచింది ముగ్గురు. నేను బోను ఎక్కించబోయేది లేవనివాణ్ణి. ఒక చెవితో మీ ప్రశ్నలు వింటాడు. వినబడనప్పుడల్లా మళ్లీ అడగమంటాడు. జడ్జిగారు అది చూస్తూ కూర్చుంటారు. ఎన్నిసార్లు అడుగుతారో మీ ఇష్టం."

ఆయన బెంచీ వైపు చూశాడు. కుర్రవాడు కూర్చునే ఉన్నాడు, సారు వైపే చూస్తూ. రెప్ప వేయడం లేదు. సారు చూపు తిప్పుకుని జేబులోని పెన్ను సర్దుకున్నారు. లాయరు ఆయన్ని పక్కకు తీసుకెళ్లాడు. వాళ్లు చెట్టు కింద మాట్లాడుకుంటున్నంతసేపూ నేను తల్లి దగ్గర నిలబడ్డాను.

"నువ్వు అన్నట్టే కేసు నడుపుతాననుకో" అన్నాను. "ఆ పిల్లోళ్లు బోనెక్కితే ఏమైతాదో నువ్వే చెప్పు."

ఆమె బెంచీ వైపు తిరిగింది. ఫ్యాక్టరీ కుర్రవాడు తల వంచుకున్నాడు. "అక్కా, నాకు తెలీకుండానే లేచేసినాను. ఏమైందో నాకే తెలీల్యా" అన్నాడు.

"పోనీలేప్పా, నువ్వేం జేస్తావు" అని వాడి భుజం తట్టి, నా వైపు తిరిగింది. "మరి జైలు?"

"జైలు రాదు. మొదటి తప్పు కింద వదిలేస్తారు."

"నా బిడ్డకి చెవి పోయె, వాడు ఇంటికి పోయె. ఇదేం న్యాయం?"

"న్యాయం కాదు. ఓడిపోయి ఇంటికి పోవడం కంటే మేలు. ఓడితే వాడు జూన్‌లో బళ్లో ఉంటాడు. రాజీ పడినా ఉంటాడు. ఈ పక్కకొస్తే ఉండడు. నా చేతిలో ఉండేది ఇంతే అమ్మా. ఇంకేమైనా ఉంటే దాచి నేనేం చేసుకుంటాను?"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు అప్పుడు నోరు విప్పాడు.

"ఏమి జరిగిందో ఆయప్ప నోటితో చెప్పాల మేడం. నా ముందర. అట్లయితే నాకు సరే."

లాయరు చెట్టు కింది నుంచి తిరిగి వచ్చి, అర్జీ వాపసు తీసుకోవడం లేదన్నాడు. కోర్టు మళ్లీ మొదలయ్యేలోపు పక్క గదిలో కూర్చున్నాం. నేను, కేసు పట్టిన పోలీసు అధికారి, తల్లీకొడుకులు, సారు, ఆయన లాయరు. షరతుల్లో బడి ఉద్యోగం మానుకోవాలన్న చోట లాయరు అడ్డం పడ్డాడు. ఇరవై ఏళ్ల సర్వీసు అన్నాడు, ఎందరినో పైకి తెచ్చిన మనిషి అన్నాడు. పైకి తెచ్చినవాళ్ల సంగతి ఈ కేసులో లేదన్నాను. పోలీసు అధికారి గడియారం చూసుకున్నాడు. సారే చేయెత్తి, "రాయండి" అన్నారు.

తర్వాత కుర్రవాడి షరతు. సారు గొంతు సవరించుకున్నారు. "ఆ రోజు క్లాసులో కొంచెం గలాటా జరిగి..."

"గలాటా లేదు సార్" అన్నాడు కుర్రవాడు.

లాయరు కల్పించుకోబోతే నేను వేలు చూపించాను, ఆగమని.

సారు బల్ల వైపు చూస్తూ చెప్పారు. "బోర్డు మీద నేను గుర్తు తప్పు వేసినాను. ఈ పిల్లోడు చెప్పినాడు. వాడు చెప్పింది సరే. పిల్లోళ్లు నవ్వినారు. నేను కొట్టినాను." ఆగి, "అంత గట్టిగా తగలతాదని అనుకోలేదు" అన్నారు.

తల్లి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. కుర్రవాడు తల ఊపాడు. కాగితం మీద అందరం సంతకాలు పెట్టాం. ఆమె అందరికన్నా ఆఖర్న పెట్టింది, పెన్ను ఒకసారి కింద పెట్టి మళ్లీ తీసుకుని.

జడ్జిగారు తీర్పు చదివిన రోజు ఇద్దరూ వచ్చారు. కన్నడంలో చదివిన దాంట్లో దోషి అన్న మాట వచ్చినప్పుడు తల్లి నా వైపు తిరిగి అదేనా అన్నట్టు చూసింది. అదే అని తల ఊపాను. నాకు నమస్కారం పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. తర్వాత ఆమె కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. బాగా వినిపించే చెవి నా వైపుకు తిప్పి నిలబడ్డాడు.

"ఇంగ ఆయప్ప యాడా పిల్లోళ్లకి పాఠం చెప్పలేడు కదా మేడం?"

అవునని అనేస్తే వాడు సంతోషంగా బస్సెక్కేవాడు.

"బళ్లో చెప్పలేడు" అన్నాను. "ఇంట్లో ట్యూషను పెట్టుకుంటే నేను ఆపలేను."

వాడు కొళాయి దగ్గరున్న తల్లి వైపు ఒకసారి చూశాడు.

"ఆడికి పొయ్యేవోళ్లకి ఏమి జరిగిందో నేను చెప్తాలే" అన్నాడు.