సూర్యావతి నమ్మిన ఐదుగురు

మీరైనా అలాగే చేసేవారండీ, కాదనకండి. నీకు నమ్మకమైన ఐదుగురు ఎవరని ఫోన్ అడిగితే, బావగారిని వదిలేసి పక్కవీధి పిల్ల పేరు పెడతారా? మా ఎదురింటి సూర్యావతి పెట్టలేదు.

మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. ఆమె భర్త దొరబాబు కొబ్బరికాయలు దింపేవాడు. చెట్టు మీంచి జారిపడితే నడుం కింద చచ్చుబడిపోయింది. ఇంటికి పంపేటప్పుడు, మంచాన పడ్డవాళ్లని చూసుకోవడం నేర్పే యాప్ ఒకటి ఆసుపత్రివాళ్లు ఆమె ఫోన్‌లో వేశారు. అందులో పాఠాలు ఎవరైనా పెట్టొచ్చట. మనం నమ్మే ఐదుగురి పేర్లు అడిగి, వాళ్లు ఏ పాఠం బాగుందని నొక్కితే అదే ముందు చూపిస్తుందట.

సూర్యావతి శుభలేఖలో వేసినట్టు పేర్లు వరసగా వేసింది. మొదట దొరబాబు అన్న సత్యదుర్గారావు, తర్వాత మేనమామ, ఆడపడుచు, ఇంకో ఇద్దరు చుట్టాలు. పక్కవీధి శాంతి నర్సే, కానీ మాట కరుకు. అందుకని వద్దనుకుంది.

"నా పేరెక్కడుందమ్మా?" అని బావగారు అడిగారు.

"మొదటిదే అండి."

"రెండోదైతే మీ గడప తొక్కేవాణ్ణి కాదు" అని నవ్వారాయన.

బావగారు బాగుందన్న పాఠమే ఆమెకు ముందొచ్చింది. వీపు మీద పుండు పడితే పసుపు, కర్పూరం అద్దాలి, మనిషిని కదపకూడదు అని అందులో ఉంది. శ్రద్ధగా నేర్చుకుంది. చివర అడిగిన ప్రశ్నలన్నిటికీ సరిగ్గా చెప్పిందని ఫోన్‌లో నక్షత్రం కూడా వచ్చింది.

"చెట్టెక్కితే దిగు దిగు అనేదానివి. ఇప్పుడు కదలొద్దంటావేంటే?" అనేవాడు దొరబాబు. ఆమె నవ్వి పసుపు అద్దేది.

వాసన రావడం మొదలయ్యాక శాంతిని నేనే పిలుచుకొచ్చాను. ఆ పిల్ల దుప్పటి తీసి, మనిషిని పక్కకి ఒత్తిగించి వీపు చూసింది.

"ఎన్నాళ్లనించక్కా ఇలా వెల్లకిలా పడుకోబెట్టేవు? గంటా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి కదా!"

"పాఠంలో వద్దన్నారమ్మా. బావగారు కూడా బాగుందన్నారు."

శాంతి అక్కడే ఉన్న బావగారి వైపు తిరిగింది. "ఆ పాఠం మీరు చూసేరా అండీ?"

"చూడ్డమేంటమ్మా? మనోళ్లు పంపింది బాగుందని నొక్కకపోతే ఏమనుకుంటారు?"

తిప్పడం నేర్పే పాఠం ఆ యాప్‌లోనే, ఎక్కడో అడుగున ఉంది. ఐదుగురిలో ఎవరూ దాన్ని నొక్కలేదు.

ఆసుపత్రిలో పుండు కడిగి కట్టుకట్టారు. విషం ఒళ్లంతా పాకింది, ఇక లాభం లేదని చెప్పి ఇంటికి పంపేశారు. అయినా సూర్యావతి ఆశ వదల్లేదు. శాంతి దగ్గర కూర్చుని, భుజం కింద చెయ్యెలా వెయ్యాలో, మోకాలెలా మడవాలో నేర్చుకుంది. గాలి పరుపుంటే ఒత్తిడి తగ్గుతుందని శాంతి అంటే, మర్నాడు పొద్దున్నే అమలాపురం బస్సెక్కింది.

"నేనొచ్చేదాకా మీరు తిప్పుతూ ఉండండి పిన్నిగారూ" అని నాకు చెప్పి వెళ్లింది.

"ఆయ్, నువ్వెళ్లిరామ్మా" అన్నాను. రెండోసారి తిప్పబోతే మనిషి ఒళ్లు చల్లగా తగిలింది.

ఫోన్ చేసి వెనక్కి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. "పరుపు కొట్టు ఎదురుగానే ఉన్నానండీ" అంది. లోపలికి వెళ్లకుండానే తిరుగు బస్సెక్కేసింది.