సారమ్మ మాస్టర్ తొలి పాట

ప్రొద్దుటూరులో ఏ బడి వార్షికోత్సవానికి వెళ్ళినా, తెర పక్కన ఒక పొడుగాటి మనిషి చేతులు తిప్పుతూ, పిల్లల మీద కళ్ళెర్రజేస్తూ కనిపిస్తుంది. ఆమే సారమ్మ మాస్టర్. మద్రాసులో, హైదరాబాదులో ఇరవై ఏళ్ళు సినిమా డ్యాన్సులు చేసి, చేయించి వచ్చిన మనిషి. "మరి మీ పేరు ఏ సినిమాలోనూ పడలేదేం మేడం?" అని పిల్లల తల్లులు అడుగుతుంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆమె చెప్పదు గనక మనమే చెప్పుకోవాలి.

ఆమెది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. తల్లి జ్ఞానమ్మ మిషను బడిలో టీచరు. క్రిస్మస్‌కు చర్చిలో పిల్లలతో యాక్షన్ సాంగులు చేయించేది ఆమే కాబట్టి, సారమ్మకు తొలి గురువూ ఆమే. తండ్రి పాలయ్య కూలి మనిషి. ఏ పార్టీ జెండా మోసినవాడు కాదు. అయినా సారమ్మకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండు పార్టీల వాళ్ళు సంతలో కొట్టుకుంటే మధ్యలో ఆయన పోయాడు. బాంబుకు మనవాడూ పరాయివాడూ అని ఏం తెలుస్తుంది! కక్షలు ఇంకా ముదిరాక, ఈడొచ్చిన పిల్లను జ్ఞానమ్మ మద్రాసులోని బంధువుల దగ్గరికి పంపేసింది.

అక్కడ గ్రూపు డ్యాన్సుల్లో చేరింది. పొడుగు కాబట్టి ఎప్పుడూ వెనక వరసే. "ఏ ఊరమ్మా మీది?" అంటే "కడప జిల్లా" అనేది. "బాంబులేమైనా తెచ్చావా?" అని ఇకిలించేవారు. విసుగెత్తి బెజవాడ అని చెప్పడం మొదలుపెట్టింది. మాట కూడా మార్చుకుంది. చివరికి తల్లికి ఫోను చేసినా ఆ యాసే వచ్చేది. "ఎవురమ్మా మాట్లాడేది?" అని జ్ఞానమ్మ తికమకపడేది.

వెనక వరస నుంచి అసిస్టెంటు అయింది. స్టెప్పు ఈమెది, తెర మీద పేరు మాస్టరుది. నలభై ఏళ్ళు వచ్చాక తలుపు తెరుచుకుంది. ఫ్యాక్షన్ సినిమాలు వరసపెట్టి ఆడుతున్న కాలమది. ఒక డైరెక్టరు పిలిచి, "జాతర పాట నీదే. పొద్దుగుంకేలోగా పూర్తి చేస్తే నీ పేరు వేస్తా, లేకపోతే మీ మాస్టరును పిలిపిస్తా" అన్నాడు. షూటింగు ఎక్కడనుకున్నారు? గండికోటలో. ఆమె పుట్టిన పల్లెకు కూతవేటు దూరంలో.

లింగాల వైపు నుంచీ, జమ్మలమడుగు చుట్టుపక్కల నుంచీ ట్రాక్టర్లలో జనాన్ని తోలుకొచ్చారు. రెడ్డొచ్చె మొదలాడె అన్నట్టు, హీరో నీడకు పోయి వచ్చినప్పుడల్లా పాట మొదటికి వచ్చేది. అయినా సారమ్మ విసుక్కోలేదు. చేటతో చెరిగినట్టు చేతులు ఆడించండి చాలు అని చూపిస్తే, సిగ్గుపడే ఆడవాళ్ళు కూడా మధ్యాహ్నానికల్లా ఒక్క అడుగు మీదికి వచ్చేశారు. ఆమె గుండె నిండిపోయింది.

అప్పుడు హీరో జీపు దిగే చోట, ఎవరికీ చెప్పకుండా టపాకాయల సరం అంటించారు.

ఢామ్మనేసరికి వచ్చిన జనమంతా నేల కరుచుకున్నారు. తల్లులు పిల్లలను కింద వేసుకున్నారు. చెవులు పగలకుండా నోళ్ళు తెరిచారు. సారమ్మ కూడా అంతే. పక్కనున్న ముసలామె మీద తనకు తెలియకుండానే అడ్డంగా పడింది.

పొగ తేలిపోయాక ఆ ముసలామె లేచి కూర్చుని దుమ్ము దులుపుకుంది. పేరు జానీబీ, పులివెందుల వైపు మనిషి.

"యాడోళ్ళమ్మా నువ్వు?"

"బెజవాడ."

"అబద్ధం సెప్పాకు తల్లీ. బెజవాడోళ్ళు ఆడ నిలబడి నగుతాండారు సూడు. నువ్వు పడింది మనోళ్ళు పడినట్టే."

నిజమే. సినిమావాళ్ళంతా నిలబడే ఉన్నారు, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "అద్భుతం! విలన్ వచ్చే ముందు ఇదే వేస్తా. మళ్ళీ పడమను. వన్ టూ త్రీ అని నువ్వే లెక్క చెప్పు" అని మైకు చేతిలో పెట్టాడు.

సారమ్మ మైకు వైపు చూసింది, జనం వైపు చూసింది. నోరు తెరిస్తే ఇరవై ఏళ్ళుగా మరిచిన మాట వచ్చింది.

"పడేది మాకు నేర్పే పన్లేదు సార్. సంతలో బాంబు పేలితే మా నాయన ఇట్లే నా మీద పడినాడు. మళ్ళా లేయలేదు. దానికి నేను లెక్క సెప్పలేను."

మైకులో అన్నది కాబట్టి కోటంతా వినిపించింది. డైరెక్టరు ముఖం ఎర్రబడింది. "అయితే పేరు వద్దా?"

"వద్దు సార్."

అక్కరలేక అన్నదనుకునేరు! ఆ పేరు కోసమే కాళ్ళు అరిగిపోయేలా ఎగిరిన మనిషి. ఆ మాట అనేటప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

మైకు ఇంకొకడు అందుకుని లెక్క చెప్పాడు. సరం అంటుకుంది. ఒక్కరూ పడలేదు. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయినా సారమ్మనే చూస్తూ నిలబడ్డారు. జానీబీ కళ్ళు గట్టిగా మూసుకుని, గాజులు చిట్లేలా ఆమె చెయ్యి పట్టుకుంది.

చివరి టపాకాయ కూడా పేలింది.

"అయిపాయనా తల్లీ?"

"అయిపాయ అవ్వా. ఇంగ కండ్లు తెరువు."