ఇంగ్లీషు రికార్డుకు మా తాతయ్య వంత

నా చిన్నప్పుడు హైదరాబాదు మూసారాంబాగ్‌లో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. గోడ అవతల వాళ్ళకు రికార్డు ప్లేయరు ఉండేది, ఇవతల మాకు చెవులు ఉండేవి. అంతకంటే ఏం కావాలి! వాళ్ళు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు. మేము నల్లగొండ దగ్గరి పల్లె నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్ళం. మా నాన్న లారీ నడిపేవాడు. వాళ్ళింట్లో ‘ఏమండీ’ అంటే మా ఇంట్లో ‘ఏందిరా’ అనేవాళ్ళం. అయినా పచ్చళ్ళ గిన్నెలు మాత్రం గోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

పక్కింటి అక్క కోఠీలో కాలేజీకి వెళ్ళేది. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య వెతికి వెతికి పాత రికార్డులు కొనుక్కొచ్చేది. అట్లా వచ్చిందే ఆ చిన్న రికార్డు. దాని అట్ట మీద నల్ల కోట్లు వేసుకున్న నలుగురు మనుషులు. ఒకాయన ముందు నిలబడి నోరు తెరిచి ఉంటే, మిగిలిన ముగ్గురూ వెనక ఒకే మైకు మీదికి వంగి చిటికెలు వేస్తుంటారు. రాక్ అండ్ రోల్ మొదలైన రోజుల్లో అమెరికాలో ఇలాంటి బృందాలు వీధి మూలల్లో పుట్టాయని, వాయిద్యాలు కొనే స్తోమత లేక నోటితోనే వాయిద్యాలు పలికించేవారని అక్క చెప్పింది. ముందాయన ప్రేమ గురించి ఏదో మొర పెట్టుకుంటుంటే వెనకవాళ్ళు ‘దుమ్ దుమ్ దువా’ అనీ ‘ఊ...’ అనీ సాగదీస్తారు. ఆ దేశంలో అప్పటికే ఆ మోజు తగ్గిపోయిందట. మా గల్లీలో మాత్రం అప్పుడే కొత్త.

ఇక మా తాతయ్య సంగతి చెప్పాలి. రాతలో తాతయ్య అంటున్నాను గానీ నోటితో ‘తాతా’ అనే పిలిచేదాన్ని. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన చేతిలో చెక్క చిరుతలు మోగిస్తూ పాడే భజన బృందంలో వంత పాడేవాడు. ముందాయన చరణం ఎత్తుకుంటే వెనక అందుకుని తిప్పి పాడడమే వంత. నలభై ఏళ్ళు పాడినా ఒక్కనాడూ ముందు నిలబడింది లేదు. నాకు అది పెద్ద నామోషీగా ఉండేది. మా తాత పాడతాడని బళ్ళో గొప్పలు పోయి, తీరా ఏం పాడతాడని అడిగితే మాట మార్చేదాన్ని.

ఆ రికార్డు మోగిన మొదటి సాయంత్రమే తాతయ్య బీడీ ఆర్పేసి గోడ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. నేను పక్కన చేరితే, “గా ముంగటాయన్ని ఇడ్సిపెట్టు బిడ్డా. ఎన్కున్న ముగ్గుర్ని ఇను. వాళ్ళు మనోళ్ళే, భజనోళ్ళే,” అన్నాడు. నేను ఫక్కున నవ్వాను. కోట్లు వేసుకున్న భజనోళ్ళు ఎక్కడైనా ఉంటారా!

అక్కకు రేడియోలో పాడాలని ప్రాణం. అక్కడ గొంతు పరీక్షకు రమ్మని ఉత్తరం కూడా వచ్చింది. వాళ్ళ నాన్నగారు మాత్రం ససేమిరా అన్నారు. అంతకు ముందు సంవత్సరం కాలేజీ సభలో అక్క పాట మధ్యలో మాటలు మర్చిపోయి ఏడుస్తూ దిగిపోయిందట. పరువు పోయిందని ఆయన బాధ. ఆఖరికి వాళ్ళ అమ్మగారు బతిమాలితే ఒక మెట్టు దిగి, “వినాయక చవితి పందిట్లో తడబడకుండా ఒక్క పాట పాడమను. అప్పుడు చూద్దాం. మళ్ళీ ఆగిపోయిందో, ఆ ఉత్తరం చింపేస్తాను,” అన్నారు. ఆయనకు ఇంగ్లీషంటే వల్లమాలిన గౌరవం. అందుకని అక్క ఆ రికార్డు పాటనే ఎంచుకుంది. వెనక దుమ్ దుమ్ అనడానికి నన్నూ, ఊ... అనడానికి వాళ్ళ చెల్లెలినీ పెట్టుకుంది.

పది రోజులు సాధన చేశాం. సూది పెట్టడం, ఒక ముక్క వినడం, సూది ఎత్తి పాడడం. నా గొంతు చిన్నప్పటి నుంచీ మోటుదే కాబట్టి దుమ్ దుమ్ బాగా కుదిరింది. అయితే నా బాధ నాది. సుల్తాన్ బజారు నుంచి మా నాన్న నాకు కుచ్చుల గౌను తెచ్చాడు. అది వేసుకుని వేదిక ఎక్కితే అందరూ నన్ను చూడాలి కదా? అక్క తాటిచెట్టంత పొడుగు. ఆమె వెనక నేను కనిపించేదెట్లా? “నేను ముంగట నిలబడత,” అన్నాను. “ఓసి పిచ్చిమొహమా, ముందుకొచ్చి దుమ్ దుమ్ అంటే జనం నవ్వుతారే. వెనకే ఉండు, బంగారం కదూ,” అని అక్క బుగ్గ గిల్లింది. బుగ్గ గిల్లించుకున్నాను గానీ నాకు ముక్కు మీద కోపం. నవ్వేపాటి పని అయితే నాతో ఎందుకు చేయించాలి అని లోపల రగులుతూనే ఉంది.

చవితి సాయంత్రం హారతి అయ్యాక మమ్మల్ని పిలిచారు. జంపఖానా మీద గల్లీ మొత్తం కూర్చుంది. ముందు వరసలో అక్క నాన్నగారు కుర్చీలో, ఆయన కాళ్ళ దగ్గర మా తాతయ్య కింద. నేను అనుకున్నట్టే అక్క ఓణీ నన్ను నిలువునా కప్పేసింది. నా గౌను కుచ్చులు వినాయకుడికి కూడా కనిపించలేదు. అప్పుడు నేను చేసిన పని ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. అక్క మొదటి వరస పాడి ఆగింది. అక్కడ నా దుమ్ దుమ్ రావాలి. నేను పెదాలు బిగించి నిలబడ్డాను. నన్ను చూసి చెల్లెలు కూడా బెదిరి ఊరుకుంది.

మైకు గుయ్యిమంటోంది. అక్క రెండో వరస ఎత్తుకోబోయి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు. మళ్ళీ ముందుకు తిరిగేసరికి మాటలు పోయాయి. పెదాలు కదులుతున్నాయి, పాట లేదు. ఎవరో ఈల వేశారు. అక్క నాన్నగారు కండువా దులుపుకుని లేచి నిలబడ్డారు. ఇక అక్క ఉత్తరం చింపించేది నేనే అని తెలిసిపోయింది. తెలిసినా భయంతో నా నోరు రాలేదు.

అప్పుడు కింది నుంచి వినిపించింది. దుమ్... దుమ్... దుమ్... మా తాతయ్య! కూర్చున్నచోటే మోకాలి మీద అరచేత్తో దరువు వేస్తూ, నలభై ఏళ్ళ బొంగురు గొంతుతో అందుకున్నాడు. నాలుగు సార్లు దుమ్ దుమ్ అన్నాక ఆయనకు వచ్చిన ఇంగ్లీషు వంత అయిపోయింది. ఏమాత్రం జంకకుండా అదే దరువులో ‘రామ రామా, హే రామా’ అని తనకు వచ్చినది పెట్టేశాడు. జనం నవ్వారు, కొందరు చప్పట్లు కలిపారు. ఆయన తొందరపడలేదు. అక్కకు మాటలు అందించలేదు, అందించడానికి ఆయనకు వస్తే కదా! ఊరికే అదే చోట తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పుతూ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, భజనలో పక్కవాణ్ణి రమ్మన్నట్టు. అంతే, నా నోరు తెరుచుకుంది. ఏడుస్తూనే దుమ్ దుమ్ అన్నాను. చెల్లెలు ఊ... అంది. నాలుగు చుట్లు తిరిగాక అక్క గట్టిగా ఊపిరి తీసుకుని ఆగిన మాట నుంచే ఎత్తుకుంది. చివరిదాకా పాడింది.

అక్క నాన్నగారు ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు. పాట అయ్యాక తాతయ్యతో, “ఏవండీ పెద్దాయనా, మీకు ఇంగ్లీషు కూడా వచ్చన్నమాట!” అన్నారు. “నాకేం వస్తది సారూ, గది మా భజన వంతనే,” అన్నాడు తాతయ్య. అక్క నాన్నగారు నవ్వి, “ఆగిపోయింది గానీ పారిపోలేదు. సరే, వెళ్ళనివ్వండి,” అని అక్క అమ్మగారితో అన్నారు. అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. తరవాత రేడియోలో ఎంపికయింది కూడా, అయితే బృందగానంలో! “నీ ఉసురే తగిలిందే, నన్నూ వెనకే నిలబెట్టారు,” అని ఏళ్ళ తరబడి నన్ను ఆటపట్టించింది.

ఇంటికి వస్తుంటే నాకు దెబ్బలు ఖాయమనుకున్నాను. తాతయ్య నా చెయ్యి పట్టుకుని నడిచాడు. అది భరించలేక, “నన్ను తిట్టు తాతా,” అన్నాను. “పాట మర్చిపోయిన మనిషి యాడికి పోతది బిడ్డా? ఎన్కకు మర్లి చూస్తది. ఆడ మనముండాలె. గంతే వంతంటే,” అన్నాడు. నా గౌను చూసి, “మంచిగున్నదే,” అని కూడా అన్నాడు. ఆయనొక్కడే చూశాడు దాన్ని.

ఇప్పుడు నాది కొత్తపేట. అక్కది ఎల్బీ నగర్, కొడుకు దగ్గర. గురువారం గురువారం మెట్రో ఎక్కి వెళ్ళొస్తాను. రెండేళ్ళుగా అక్కకు మరపు ముదిరింది. మందులు, మనుషుల పేర్లు, తిన్నదీ తిననిదీ, అన్నీ జారిపోతున్నాయి. ఇంట్లోవాళ్ళు పాపం మంచివాళ్ళే, గుర్తు చేద్దామని, “నేనెవరు చెప్పు, ఇవాళ ఏ వారం చెప్పు,” అని అడుగుతుంటారు. అక్క మొహం చిన్నబోతుంది. నేను ఏదీ అడగను. పక్కన కూర్చుంటే కొన్నిసార్లు తనే ఆ పాట మొదటి వరస ఎత్తుకుంటుంది. రెండో వరస దగ్గర ఆగి నా వైపు చూస్తుంది, ఆనాటి చూపే. ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు, అయినా చెప్పను. మోకాలి మీద దరువు వేస్తూ దుమ్ దుమ్ అంటాను. అది చాలకపోతే రామ రామా అంటాను. ఒక్కోసారి అక్క ఆగిన చోట నుంచి అందుకుంటుంది. పోయిన గురువారం అందుకోలేదు. కాఫీ చల్లారిపోయింది, కోడలు వచ్చి చూసి వెళ్ళింది, నేను ఆ దుమ్ దుమ్ తిప్పుతూనే కూర్చున్నాను.