ఎడమ చెయ్యి పట్టుకునేవాడు

జనగామలో మానుకోట బస్సెక్కితే, పక్క సీటులో టీవీలో చూసిన మొహం. పెద్ద జట్టులో కబడ్డీ ఆడే మా వైపు తండా కుర్రవాడు.

"ఈ ఏడు గూడ అదే జట్టా, తమ్మీ?" అని అడిగాను.

"అదే అన్నా. ఆడేటోళ్లందరికి కలిపి గింతకంటె ఎక్కువ పైసలు ఇయ్యొద్దని జట్టుకు హద్దు ఉంటది. నా సగం పైసలు వచ్చే ఏడు ఇయ్యుండ్రి, గిప్పుడు మావోణ్ని ఉంచుకోండ్రి అని ఒప్పందం కాయితం తిరగ రాపిచ్చిన."

మావోడంటే ఆటలో అతని ఎడమ చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. కూతకొచ్చినవాణ్ని ఇద్దరూ గొలుసుకట్టి ఆపేవారు. చిన్నప్పటినుంచీ అంతేనట.

"ఉంచుకున్నరా?"

"లేదన్నా. ఆ పైసలతోని కూత పెట్టేటోణ్ని కొనుక్కున్నరు. మావోడు వేరే జట్టుకు పోయిండు."

తొర్రూరు దాటాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కుర్రవాడి ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టును బిగించి పట్టుకుంది. బస్సు మళ్లీ కదిలినా వెంటనే వదల్లేదు.

"అలవాటన్నా," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇప్పుడు టీవీలో అతని ఆట వస్తే వదలకుండా చూస్తాను. ఎడమ పక్కన కొత్తవాడు చెయ్యి పట్టుకునే ఉంటాడు. కూత మొదలయ్యే ముందు మాత్రం అతను ఒకసారి అటు తిరిగి, ఎవరున్నారో చూసుకుంటాడు.