ఉత్తుత్తి మందుపాతర

టైరు పేలిన బస్సు రోడ్డు పక్కకి ఒరిగి ఆగింది. దిగిన జనం నీడ వెతుక్కుంటుంటే, ఫొటో స్టూడియో ఆయన సంచీని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని అదే బస్సు దిగిన రెండువేళ్ల మాస్టారి దగ్గరికి నేరుగా వచ్చాడు.

"మీ ఇంటికే బయల్దేరానండీ. వెతకబోయిన తీగ కాలికి తగిలింది."

పాత సైనిక సామాను పోగుచేసే పిచ్చి లోకంలో చాలామందికి ఉంటుంది. తపాలా బిళ్లలు పోగుచేసేవాడికి మహా అయితే చూపు మందగిస్తుంది. వీళ్ల సంగతి వేరు. చెరువు పూడికలోనో పాత ఇనుము కొట్లోనో మందుపాతర దొరికితే, అది అసలుదో ఉత్తుత్తిదో తేల్చుకోవడానికి మాస్టారి గది మెట్లెక్కేవారు. ఆయన పటాలంలో కుర్ర సిపాయిలకు మందుపాతరల పాఠం చెప్పినవాడు. ఆ బడిలో వాడేవన్నీ నీలిరంగువి. కాలు పడితే చంపవు. లోపలున్న చిటికెడు మందు అంటుకుని పొగ చిమ్ముతుంది, నువ్వు చచ్చావురా అని చెప్పడానికన్నమాట. ఒకసారి చిమ్మేసింది గుల్ల. చిమ్మనిది మాత్రం మూత విప్పినవాడి మొహం కాల్చకుండా వదలదు.

అందుకే మాస్టారు ఎప్పుడూ రెండు మాటలు చెప్పేవారు: ఉత్తుత్తిదా కాదా, మందు పోయిందా ఉందా. మొదటిది వినగానే అందరికీ చెవులు మూసుకుపోతాయి. రెండోది ఆయనే చేయి పట్టుకుని ఆపి చెప్పాలి.

ఆయన కుడిచేతి మూడు వేళ్లు అలాంటిదానికే పోయాయి. శత్రువు పాతినదానికైతే పతకం ఇచ్చేవారు. బడి సామానుకి పోయాయి గనక పటాలంవాళ్లు నవ్వి ఊరుకున్నారు. యుద్ధం చూడకుండానే అవిటివాడైన వీరుడని భార్య కూడా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పరిచయం చేసేది, తాను పోయేదాకా.

స్టూడియో ఆయన సంచీలోంచి మందుపాతర తీసి, చుట్టిన తువ్వాలు విప్పాడు. నీలిరంగు, అక్కడక్కడా తుప్పు. మాస్టారు ముట్టుకోకుండా వంగి చూశారు. మూత అంచున మైనపు ముద్ర చెక్కుచెదరలేదు. అంటే మందు లోపలే ఉంది.

"ఉత్తుత్తిదే బాబూ," అన్నారు. రెండోమాట అనబోతుండగా అతను వేళ్ల సంగతి అడిగాడు. అబద్ధం చేతకాక ఉన్నది చెప్పారు.

"ఈ బొమ్మకా?" స్టూడియో ఆయన జనంవైపు తిరిగాడు. "కూర తరుగుతుంటే తెగాయని చెప్పుకున్నా పరువు దక్కేది కదండీ."

కండక్టరు పొట్ట పట్టుకున్నాడు. పిల్లను చంకనెత్తుకున్న ఆవిడ కూడా ముఖం తిప్పుకుని నవ్వింది.

నాలుక చివరి దాకా వచ్చిన రెండోమాటని మాస్టారు మింగేశారు.

మూత విప్పి లోపలంతా కడిగి అద్దాల బీరువాలో పెడతానంటూ, స్టూడియో ఆయన డ్రైవరునడిగి పానా తెచ్చుకున్నాడు. మోకాళ్ల మధ్య మందుపాతరని ఇరికించుకుని కూర్చున్నాడు.

"మీరు కాస్త దూరం జరగండి మాస్టారూ. ఆ రెండైనా మిగలాలిగా."

మాస్టారు అతని మొహం కాసేపు చూశారు. నున్నగా గీసిన గడ్డం, వెలుతురు కొలిచే కళ్లు. తరవాత పిల్లతల్లి దగ్గరికి వెళ్లి, పిల్లకి ఎండ కొడుతోంది, బస్సు అవతలికి పొమ్మన్నారు. ఆవిడ కదిలింది. ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు.

చేతిసంచీ భుజాన వేసుకుని, వస్తానని కూడా అనకుండా రోడ్డు పట్టారు. వెనక పానా కిర్రుమంటోంది. చూద్దామని జనం దగ్గరికి జరుగుతున్నారు.