ఆపమన్న చెయ్యి

దేవదానం మొండితనం గురించి చెప్పాలంటే పోర్టులో నాకంటే తగినవాడు లేడు. ఏళ్ల తరబడి అతను ఓడ మీద సరుకు ఎత్తి దించే వించి నడిపాడు, నేను అతనికి సైగలు చేశాను. వించి దగ్గర కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏం జరుగుతోందో కనిపించదు. బస్తాల కట్టు ఎత్తాలన్నా దించాలన్నా, అంచున నిలబడ్డ నా చేతులే చూసుకోవాలి. ఎత్తమని చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపమని మాత్రం ఎవరు పిడికిలి ఎత్తినా, వాడు కళాసీ అయినా, ఓడలో వంటవాడైనా, ముందు ఆపాలి, తర్వాతే ఎందుకని అడగాలి. దేవదానం ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఇంటి దగ్గర సంగతి వేరు.

మల్కాపురంలో మా ఇళ్లు పక్కపక్కనే. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, మేం పోలమాంబకు మొక్కేవాళ్లం. అయినా బావా అంటే బావా అనుకుంటూ బతికాం. వాళ్లబ్బాయి జ్ఞానశేఖర్ చిన్నప్పుడు భోజనాల దగ్గర పిడికిలి ఎత్తేవాడు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చినా సరే, దేవదానం అలాగే ఆపేసి కదలకుండా ఉండిపోయేవాడు. పిల్లవాడు పడీపడీ నవ్వేవాడు.

డెబ్భై ఎనిమిదిలో శేఖర్ బీయస్సీలో చేరాడు. అప్పటిదాకా చదువంతా తెలుగులో. కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. దసరా నాటికే వాడి మొహం పీక్కుపోయింది. ఒకనాడు నా ఎదుటే తండ్రితో నెమ్మదిగా అన్నాడు.

"నాన్నా, నాకేటీ బోధపడ్డం నేదు. మేష్టారు సెప్పింది సెవిలోకి ఎల్తంది గానీ బుర్రలోకి ఎల్లడం నేదు."

"ప్రార్థన సేసుకుని కూకో, అదే ఎల్తాది," అన్నాడు దేవదానం.

"ఇంగిలీసు రాకపోతే దేవుడేటి సేత్తాడు బావా?" అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్ గవర్రాజు బావా!" అని కసిరాడు. నాకు ఒళ్లు మండింది. పిల్లవాడు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

వేసవిలో పరీక్షలయ్యాయి. ఫలితాలు రాకముందే దేవదానం ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టేశాడు. ఏదైనా మేలు జరిగితే పాస్టరుగారిని, సంఘం వాళ్లని ఇంటికి పిలిచి, పాటలు పాడి, దేవుడికి వందనాలు చెప్పుకోవడం వాళ్లలో ఉంది. మేలు జరగకముందే చెప్పుకుంటే అది మరీ గట్టి విశ్వాసమని ఇతనికి తోచింది. పేపర్లో నంబరు పడ్డాక పెట్టుకుందామని అతని భార్య రత్నమణి బతిమాలింది. వింటేనా!

ఆదివారం సాయంత్రం ఇల్లు నిండిపోయింది. నేనూ వెళ్లాను. పాట అయ్యాక దేవదానం లేచి, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యం మొదలుపెట్టాడు. "మా తాత పసువులు కాసినాడు, మా అయ్య మూటలు మోసినాడు. ఇయ్యాల నా కొడుకు..." అంటున్నాడు. ఎదురుగోడకు ఆనుకుని శేఖర్ నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఉన్నట్టుండి వాడి చెయ్యి పైకి లేచింది. పిడికిలి బిగించి ఉంది.

దేవదానం మాట అక్కడే ఆగిపోయింది. మిగతావాళ్లకు ఏమీ అర్థంకాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏట్రా?" అన్నాడు.

"నాను పరీచ్చలు రాయనేదు నాన్నా. మొదటి పేపరుకి ఎల్లి, నంబరేసి, ఖాళీ కాయితం ఇచ్చీసినాను. తరవాత అసలు ఎల్లనేదు. యారాడ కొండకాడ కూకుని సాయంత్రం వచ్చీవోణ్ణి."

రత్నమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడతాడనుకుని, పట్టుకోవడానికి నేను ముందుకు వెళ్లాను. దేవదానం కొట్టలేదు. జనాన్ని దాటుకుంటూ వెళ్లి కొడుకు కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. తలెత్తకుండానే పాస్టరుగారితో, "అయ్యగారూ, ఈడు నోరిప్పి సెప్పినాడు. దానికే వందనాలు సెప్పండి," అన్నాడు.

ఆ తర్వాత వీధిలో నవ్వినవాళ్లు నవ్వారు, జాలిపడ్డవాళ్లు జాలిపడ్డారు. నవ్వినవాళ్లే నయమనిపించింది నాకు. దేవదానం మాత్రం ఎవరితోనూ గొడవ పడలేదు. అది చూసే నాకు భయం వేసింది. ఒకరోజు ఓడ దిగి టీ తాగుతుంటే అడిగాడు.

"బావా, ఆడు అంతకుముందెప్పుడైనా సెయ్యెత్తినాడంటావా?"

లేదని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "ఎత్తినాడు బావా. దసరాకే ఎత్తినాడు. నువ్వే సూణ్ణేదు," అన్నాను. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

శేఖర్ చదువు మానేస్తానన్నాడు, మళ్లీ రాస్తానన్నాడు, మళ్లీ వద్దన్నాడు. తండ్రి దేనికీ బలవంతం చెయ్యలేదు. పాఠాలు తెలుగులో విడమరిచి చెప్పే మాష్టారిని ఒకాయన్ని వెతికిపెట్టాడు, అంతే. చివరికి వాడే రాస్తాననేసరికి, సెప్టెంబరులో మళ్లీ పెట్టే పరీక్షకు సెలవు పెట్టి తోడు వెళ్లాడు. నేనూ వెళ్లాను. కాలేజీ గేటు దగ్గరకు వచ్చేసరికి పిల్లవాడి కాళ్లు ముందుకు పడలేదు.

"ఎల్లు. కూకోనేకపోతే లేచి వచ్చీ. నానిక్కడే ఉంటాను. నిన్నేటీ అన్ను," అన్నాడు దేవదానం.

వాడు వెళ్లాడు. ఎండెక్కింది. గేటు ఎదురుగా నెత్తిన తువ్వాలు వేసుకుని దేవదానం అలాగే నిలబడ్డాడు. చెట్టు నీడలోకి వచ్చి కూర్చోమని పిలిచాను. రానన్నాడు. నీడలోంచి శేఖర్ పరీక్ష రాసే గది గుమ్మం కనిపించదట.